కామెరూన్‌లో జరిగినది యుద్ధమే: 1955 నుంచి 1971 వరకు

అడిగిన ప్రశ్న సారాంశం ఇది. 1960ని ఆఫ్రికా సంవత్సరం అంటారు. ఆ ఒక్క ఏడాదిలో 17 దేశాలు స్వతంత్రమయ్యాయి, వాటిలో 14 ఫ్రాన్సు పాలనలో ఉన్నవే. ఆల్జీరియాను మినహాయిస్తే ఫ్రెంచి ఆఫ్రికా అంతా శాంతియుతంగానే విముక్తమైందని పోటీపరీక్షల పుస్తకాలు చెబుతున్నాయి. అలాంటప్పుడు కామెరూన్‌లో తమ దేశం యుద్ధం చేసిందని ఫ్రాన్సు అధ్యక్షుడు 2025లో ఒప్పుకోవడం ఏమిటి, ఆ యుద్ధం మాట మనం ఎందుకు వినలేదు, స్వాతంత్ర్యం వచ్చాక కూడా అది పదేళ్లకు పైగా ఎలా సాగింది?

నేను ఆధునిక ఆఫ్రికా చరిత్ర పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పాతికేళ్లు దాటింది. మొదటి కొన్నేళ్లు నేను కూడా తరగతిలో ఆ 'శాంతియుత విముక్తి' కథనే చెప్పాను; కెన్యా, ఆల్జీరియా, అంగోలాలకు ఒక్కొక్క గంట కేటాయించి, కామెరూన్‌ను పట్టికలో ఒక వరుసగా వదిలేశాను. అది తప్పని తెలిసిన తరువాత ఈ ఒక్క దేశం గురించి దొరికినదంతా చదువుతూ వచ్చాను. కాబట్టి ఈ ప్రశ్నకు కాస్త పొడుగ్గా జవాబు చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. 1950ల చివరికి వచ్చేసరికి కామెరూన్‌కు స్వాతంత్ర్యం రాక తప్పదని పారిస్‌లోని పెద్దలకు తెలుసు. అది ఎవరి చేతికి వెళ్లాలన్న దగ్గరే పేచీ వచ్చింది. స్వాతంత్ర్యం కావాలని మొదట అడిగిన పార్టీని, ఆ పార్టీ వెంట నడిచిన పల్లెలను ముందు అణచివేసి, ఆ తరువాత ఎన్నడూ అడగని వారికి అధికారం అప్పగించారు. ఇది ప్రత్యర్థులు వేసిన నింద కాదు. 1956 నుంచి 1958 వరకు అక్కడ ఫ్రెంచి హైకమిషనర్‌గా, అంటే పాలనాధిపతిగా పనిచేసి, తరువాత ఫ్రాన్సు ప్రధానమంత్రి అయిన పియెర్ మెస్మెర్ తన జ్ఞాపకాల్లో ఇదే సంగతి రాసుకున్నాడు: స్వాతంత్ర్యాన్ని అత్యంత పట్టుదలగా కోరినవారిని రాజకీయంగా, సైనికంగా తొలగించి, దానిని అతి తక్కువగా కోరినవారికి ఫ్రాన్సు ఇవ్వబోతోందన్నది ఆయన మాటల భావం.

ఇప్పుడు మూలంలోకి వెళ్దాం. పోర్చుగీసు నావికులు వూరీ నది ముఖద్వారంలో పుష్కలంగా రొయ్యలు చూసి దానికి 'రొయ్యల ఏరు' అని పేరు పెట్టారు. కామెరూన్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. 1884 జూలైలో డువాలా జాతి రాజులతో ఒప్పందం రాయించుకుని జర్మనీ ఆ తీరాన్ని స్వాధీనం చేసుకుంది. అదే ఒప్పందాన్ని చూపించి, మా నేలను మా నుంచి లాక్కోవడం చెల్లదని వాదించిన రాజు రుడాల్ఫ్ డువాలా మాంగా బెల్‌ను 1914 ఆగస్టు 8న ఉరి తీసింది కూడా జర్మన్లే. మొదటి ప్రపంచయుద్ధంలో వారిని వెళ్లగొట్టిన ఫ్రాన్సు, బ్రిటన్‌లు ఆ దేశాన్ని పంచుకున్నాయి. దాదాపు ఐదింట నాలుగు వంతులు ఫ్రాన్సుకు, నైజీరియా సరిహద్దును ఆనుకున్న రెండు ముక్కలు బ్రిటన్‌కు దక్కాయి. జర్మన్లు దేశం పేరును 'కె' అక్షరంతో రాసేవారు, ఫ్రెంచివారు 'సి' అక్షరంతో రాశారు. తరువాతి కాలంలో జాతీయవాదులు పట్టుబట్టి 'కె'తోనే రాయడానికి కారణం జర్మన్ల మీద అభిమానం కాదు. విభజనకు ముందున్న ఒకే దేశాన్ని ఆ ఒక్క అక్షరం గుర్తు చేసేది. కరపత్రం మీద ఆ అక్షరం కనబడితే చాలు, అది ఎవరి కరపత్రమో పోలీసులకు తెలిసిపోయేది.

ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం, మన పుస్తకాలు పూర్తిగా వదిలేసే విషయం ఒకటి ఉంది. చట్టం దృష్టిలో కామెరూన్ అసలు ఫ్రాన్సు వలసరాజ్యం కాదు. మొదట నానాజాతి సమితి అప్పగించిన ప్రాంతంగా, 1946 నుంచి ఐక్యరాజ్యసమితి ధర్మకర్తృత్వ ప్రాంతంగా అది ఫ్రాన్సు పాలనలో ఉంది. అంటే ఫ్రాన్సు అక్కడ యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే. ఐక్యరాజ్యసమితి అధికారపత్రంలోని 76వ అధికరణం అలాంటి ప్రాంతాల ప్రజలను స్వపరిపాలన వైపు గాని స్వాతంత్ర్యం వైపు గాని నడిపించడమే ధర్మకర్తృత్వ లక్ష్యమని చెబుతుంది. సెనెగల్‌కు గాని ఐవరీ కోస్ట్‌కు గాని ఇలాంటి హామీ లేదు. ఈ హామీని అక్షరాలా నమ్మి, దాని మీదే తన రాజకీయమంతా నిలబెట్టిన మనిషి రూబెన్ ఉమ్ న్యోబె.

ఉమ్ న్యోబె 1913లో బసా జాతి రైతు కుటుంబంలో పుట్టాడు. ప్రెస్బిటేరియన్ మిషనరీల బడిలో చదివి, కోర్టు గుమాస్తాగా పనిచేసి, కార్మికసంఘాల్లో రాజకీయం నేర్చుకున్నాడు. 1948 ఏప్రిల్ 10న రేవుపట్టణం డువాలాలో ఏర్పడిన కామెరూన్ ప్రజల ఐక్యసంఘానికి, అంటే అందరూ యూపీసీ అని పిలిచిన పార్టీకి, ఆ ఏడాదిలోనే ప్రధాన కార్యదర్శి అయ్యాడు. వైద్యుడు ఫెలిక్స్ మూమియే, ఉపాధ్యాయుడు ఎర్నెస్ట్ వాందియే, అబెల్ కింగె ఆయనకు తోడయ్యారు. వారి కోరికలు రెండే: రెండు ముక్కలైన దేశం మళ్లీ ఒకటి కావాలి, స్వాతంత్ర్యానికి గడువు నిర్ణయించాలి. 1952 డిసెంబరులో ఉమ్ న్యోబె న్యూయార్క్ వెళ్లి, ధర్మకర్తృత్వ ప్రాంతాల వ్యవహారాలు చూసే సమితి నాలుగవ కమిటీ ఎదుట ఈ రెండు కోరికలను వినిపించాడు. తిరిగివచ్చాక ఊరూరా సభ పెట్టి, అక్కడ తానేమి చెప్పాడో, వారేమి జవాబిచ్చారో లెక్క అప్పజెప్పినట్టు వివరించాడు. ప్రపంచ సభలో తమ గోడు చెప్పి వచ్చిన మనిషిని సొంత ఊళ్లో చూడడం ఆ పల్లెలకు అదే మొదటిసారి. బసా భాషలో ఆయనను 'ంపొదోల్' అన్నారు. జనం తరఫున మాట మోసేవాడని దాని అర్థం.

రాసింది, మాట్లాడింది ఆయన ఒక్కడే కాదు. 1952లో యూపీసీ అనుబంధంగా ఏర్పడిన మహిళా సంఘం సభ్యులు కూడా సమితికి అర్జీలు పంపారు. పేరు, ఊరు రాసి, చదువు రానివారు పక్కవారి చేత రాయించి, వేలకొద్దీ ఉత్తరాలు న్యూయార్క్‌కు చేరాయి. మా మీద పన్ను ఎక్కువైంది, మా ఊరి మనిషిని పట్టుకుపోయారు, మా దేశాన్ని ఒకటి చేయండి అన్న విన్నపాలు ఒకే కాగితం మీద కలిసి ఉండేవి. ఆ అర్జీలు ఈనాటికీ సమితి దస్తావేజుల్లో భద్రంగా ఉన్నాయి. ఈ యుద్ధ చరిత్రను తిరగరాయడానికి తరువాతి చరిత్రకారులకు చాలా సాయపడినవి అవే. నా విద్యార్థులకు నేనెప్పుడూ చెబుతుంటాను, ఆయుధం పట్టకముందు కామెరూన్ ప్రజలు ఏడేళ్ల పాటు కలమే పట్టారని. ఆ ఏడేళ్లను వదిలేసి నేరుగా అడవిలోని గెరిల్లాలతో కథ మొదలుపెట్టేవారు పాలకులు రాసిన కథనే చెబుతున్నట్టు లెక్క.

1954 చివర్లో రోలాన్ ప్రే హైకమిషనర్‌గా వచ్చాక వాతావరణం మారిపోయింది. ఇండోచైనాలో దియెన్ బియెన్ ఫూ ఓటమి అప్పటికి కొన్ని నెలల నాటి మాట. ఆల్జీరియాలో తిరుగుబాటు అప్పుడే మొదలైంది. మరో చోట ఓడిపోవడానికి ఫ్రెంచి అధికారులు సిద్ధంగా లేరు. యూపీసీని కమ్యూనిస్టు కుట్రగా చిత్రించడం మొదలైంది, 1955 ఈస్టరు నాటికి కాథలిక్ బిషప్పులు కూడా ఆ పార్టీని ఖండిస్తూ లేఖ విడుదల చేశారు. ఆ మే నెల చివరి వారంలో డువాలా, రాజధాని యావుండే వంటి పట్టణాల్లో సభలను చెదరగొట్టడంతో అల్లర్లు చెలరేగాయి, కాల్పుల్లో పలువురు చనిపోయారు. జూలై 13న యూపీసీని, దాని మహిళా, యువజన సంఘాలను నిషేధించారు. మూమియే, వాందియే, కింగె సరిహద్దు దాటి బ్రిటిష్ కామెరూన్‌కు వెళ్లారు. 1957లో బ్రిటన్ కూడా పార్టీని నిషేధించి వారిని దేశం నుంచి పంపివేయడంతో ఖార్తూమ్, కైరో, కొనక్రీ, అక్రా నగరాల మధ్య వారి ప్రవాస జీవితం సాగింది. ఉమ్ న్యోబె మాత్రం దేశం విడిచిపోలేదు. సనాగా-మారిటీమ్ ప్రాంతంలోని తన సొంత అడవుల్లోకి వెళ్లాడు.

1956 డిసెంబరులో జరిగిన ఎన్నికల్లో నిషిద్ధ పార్టీకి పోటీ చేసే అవకాశం దక్కలేదు. ఆ ఎన్నికలను అడ్డుకోవడానికి యూపీసీ దళాలు తంతి తీగలు తెంపాయి, వంతెనలు, రైలు పట్టాలు ధ్వంసం చేశాయి, కొందరు ప్రత్యర్థి రాజకీయ నాయకులను హత్య చేశాయి. ఈ చివరి విషయాన్ని దాచిపెట్టడం సరికాదు; ఆ తరువాతి సంవత్సరాల్లో కూడా గెరిల్లాల చేతుల్లో చనిపోయిన గ్రామపెద్దలు, ప్రభుత్వ ఉద్యోగులు, 'ద్రోహులు' అనిపించుకున్న మామూలు మనుషులు చాలామంది ఉన్నారు. దానికి జవాబుగా సైన్యం చేసిన ప్రతీకారం మాత్రం వేరే కొలతలో ఉంది. డిసెంబరు 31న ఎదేయా పట్టణం దగ్గర ఎకిటే అనే చోట గుమిగూడిన జనం మీద జరిపిన కాల్పుల్లో పదుల సంఖ్యలో చనిపోయారు. ఆ ఊరి సామూహిక సమాధి దగ్గర అక్కడి వారు ఇప్పటికీ నివాళి అర్పిస్తారు.

1957 డిసెంబరు నుంచి ఏడాది పాటు ఆ ప్రాంతమంతా 'శాంతిస్థాపన మండలం' అయింది. ఇండోచైనాలో పనిచేసి వచ్చిన లెఫ్టినెంట్ కల్నల్ జాన్ లాంబెర్తోన్ దానికి అధిపతి. అడవిలో చెదురుమదురుగా ఉండే ఊళ్లను ఖాళీ చేయించి, మనుషులను రోడ్డు పక్కన కొత్తగా కట్టిన గుడిసెల వరుసల్లోకి తరలించారు. చుట్టూ కంచె, కాపలా బురుజు, పగలు పొలానికి వెళ్లాలంటే అనుమతి, చీకటి పడితే కర్ఫ్యూ. కంచె బయట కనబడినవాడు శత్రువు కింద లెక్క. గెరిల్లాకు అన్నం పెట్టే చేతిని దూరం చేస్తే గెరిల్లా ఆకలితో బయటికి వస్తాడన్నది ఈ పద్ధతి వెనుక ఉన్న ఆలోచన. మలయాలో బ్రిటిషువారు, ఆల్జీరియాలో ఫ్రెంచివారు పాటించిన పద్ధతే ఇక్కడా పాటించారు. పొలాలు బీడు పడ్డాయి, తిండికి కటకట వచ్చింది, జనం దళాలకు దూరమయ్యారు. సైనికంగా చూస్తే ఆ పద్ధతి పని చేసింది, అందుకే దానిని తరువాత ఇంకా పెద్ద ఎత్తున వాడారు.

1958 సెప్టెంబరు 13న బుమ్న్యెబెల్ దగ్గరి అడవిలో ఒక సైనిక దళం ఉమ్ న్యోబెను పట్టుకుని అక్కడికక్కడే కాల్చి చంపింది. ఆయన చేతిలో ఆయుధం లేదు. ఆయన వెంట ఉన్న కాగితాలన్నీ సైన్యం పాలయ్యాయి. వాటిలో అజ్ఞాతవాసంలో వచ్చిన కలలను ఆయన రాసిపెట్టుకున్న నోటు పుస్తకం కూడా ఉంది. మృతదేహాన్ని నేల మీద ఈడ్చుకుపోయి జనానికి ప్రదర్శించారు. ఆయనను మామూలు తూటాలు ఏమీ చేయలేవని పల్లెల్లో ఒక నమ్మకం ఉండేది కాబట్టి, నిజంగానే చనిపోయాడని అందరూ కళ్లారా చూడాలన్నది పాలకుల పట్టుదల. ఆ తరువాత ఎసేకాలో, కుటుంబ సంప్రదాయం ప్రకారం జరగవలసిన కర్మ ఏదీ జరగనీయకుండా, సిమెంటు పోసి పూడ్చారు. చనిపోయిన మనిషి మీద అంత కాంక్రీటు ఎందుకు పోశారని ఒక విద్యార్థిని నన్ను అడిగింది. ఆ ప్రశ్నే పాలకులు ఆయనను ఎంతగా లెక్క చేశారో చెబుతుందని మాత్రం అన్నాను.

ఉమ్ న్యోబె లేడు కాబట్టి ఇక దారి సుగమమైంది. 1958 ఫిబ్రవరిలోనే ప్రధాని అయిన ఉత్తర ప్రాంతపు నాయకుడు అహమదూ అహిజోతో ఫ్రాన్సు ఒప్పందాలకు వచ్చింది. స్వాతంత్ర్యానికి ముందు సమితి పర్యవేక్షణలో ఎన్నికలు జరపాలని, నిషేధం ఎత్తివేయాలని మూమియే బృందమూ, దానిని సమర్థించిన కొన్ని ఆఫ్రికా దేశాలూ 1959లో న్యూయార్క్‌లో పట్టుబట్టాయి గాని ఆ కోరిక నెగ్గలేదు. 1960 జనవరి 1న యావుండేలో సమితి ప్రధాన కార్యదర్శి హామర్‌షోల్డ్ సమక్షంలో జెండా ఎగిరింది. దానికి ఒకటి రెండు రోజుల ముందే డువాలాలో జరిగిన దాడుల్లో పదుల మంది చనిపోయారు. ఆ పండుగ సైన్యం కాపలాలో జరిగింది.

'స్వాతంత్ర్యం వచ్చాక యుద్ధం ఎలా' అన్న మీ ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. యుద్ధంలో అతి భయంకరమైన ఘట్టం స్వాతంత్ర్యం తరువాతే వచ్చింది. దేశానికి అప్పటికి చెప్పుకోదగ్గ సొంత సైన్యం లేదు. అహిజో కోరిక మీద ఫ్రాన్సు తన దళాలను అదనంగా పంపింది, వాటికి జనరల్ మాక్స్ బ్రియాన్ నాయకుడు. కొత్త కామెరూన్ సైన్యాన్ని తయారు చేసినవారు, దానిలో కీలక పదవుల్లో కూర్చున్నవారు ఫ్రెంచి అధికారులే. 1960 నవంబరులో కుదిరిన సహకార ఒప్పందాలు ఈ ఏర్పాటును చట్టబద్ధం చేశాయి. తుపాకీ పట్టిన చేయి కామెరూనీది అయినా, ఎక్కడ పేల్చాలో చెప్పిన నోరు చాలా కాలం ఫ్రెంచిదే.

ఈసారి దెబ్బ పశ్చిమాన ఉన్న బామిలేకే కొండల మీద పడింది. 1959లో అక్కడ 'కామెరూన్ జాతీయ విమోచన సైన్యం' ఏర్పడింది. మార్టిన్ సింగాప్ దాని నాయకుడు. బామిలేకేలు కష్టజీవులైన రైతులు, వర్తకులు. జనం ఎక్కువ, నేల తక్కువ కావడంతో డువాలాకు, ముంగో లోయ తోటలకు పెద్ద సంఖ్యలో వలస వెళ్లినవారు. శాంతిస్థాపన మండలాన్ని నడిపిన అదే లాంబెర్తోన్ 1960 మార్చిలో ఒక సైనిక పత్రికలో వ్యాసం రాస్తూ, కామెరూన్ తన చెప్పులో ఇబ్బంది పెట్టే ఒక గులకరాయితో స్వాతంత్ర్యం దారి పట్టిందని, ఆ గులకరాయి బామిలేకే జాతి అని అన్నాడు. ఒక రాజకీయ పోరాటాన్ని ఒక జాతి స్వభావంగా మార్చేసిన ఈ వాక్యం ఎంత హాని చేసిందో మాటల్లో చెప్పడం కష్టం. ఆ దేశ రాజకీయాల్లో బామిలేకేల మీద అనుమానం నేటికీ పూర్తిగా పోలేదు.

బామిలేకే ఊరు మన ఊరిలా ఇళ్లన్నీ ఒకచోట కూడి ఉండేది కాదు. కొండవాలు మీద ఒక్కొక్క కుటుంబానికి దడి కట్టుకున్న ఒక్కొక్క ఆవరణ ఉంటుంది. లోపలే ఇల్లు, అరటి చెట్లు, పొలం, దిగువన వాగు పక్కన రాఫియా తాటివనం. ఆ ఆవరణలోనే పెద్దల కపాలాలు ఉంటాయి. మనిషిని పూడ్చిన కొన్నేళ్లకు పుర్రెను వెలికి తీసి, శుద్ధి చేసి, మట్టికుండలో గాని ప్రత్యేకమైన గదిలో గాని ఉంచి, కష్టమొచ్చినప్పుడు దానికి నూనె, ఉప్పు సమర్పించి మొక్కుకుంటారు. అక్కడి వారికి అది ఇంటి దైవం. సైన్యం ఆ ఆవరణలను తగులబెట్టి, విమానాల నుంచి కాల్పులు జరిపి, మనుషులను రోడ్డు పక్కన శిబిరాల్లోకి తోలినప్పుడు వారు ఇంటితో పాటు పెద్దలను కూడా కోల్పోయారు. ఇంకొక సంగతి ఉంది. చంపిన గెరిల్లాల తలలు నరికి నాలుగు రోడ్ల కూడలిలో, సంతలో ప్రదర్శనకు పెట్టడం ఆ రోజుల్లో ఆనవాయితీ అయింది. చూసేవారిని భయపెట్టడమే దాని ఉద్దేశమని అనిపిస్తుంది, అది నిజమే. కానీ పుర్రెను ఇంటికి తెచ్చుకుంటేనే మనిషి పితృదేవతల్లో కలుస్తాడని నమ్మే సమాజంలో తల దొరకకపోవడం అంటే ఆ మనిషి చావు ఎన్నటికీ పూర్తి కాదని అర్థం. తల లేకుండా పూడ్చిన తండ్రికి ఏ కర్మ చేయాలో తెలియక ఉండిపోయిన కుటుంబాలు ఆ కొండల్లో ఎన్నో ఉన్నాయి.

ఎందరు చనిపోయారు అన్న ప్రశ్నకు పదుల వేల మంది అని చెప్పడం న్యాయం. లక్షలు అన్న అంకెలు అంతర్జాలంలో తిరుగుతుంటాయి, వాటికి గట్టి ఆధారం చూపినవారు లేరు. లెక్క పెట్టకుండా జరిపిన యుద్ధంలో అంకె అస్పష్టంగా ఉండడం సహజమే గాని, ఆ అస్పష్టతను ఎటువైపు లాగినా చనిపోయినవారికి మేలు జరగదు.

ప్రవాసంలో ఉన్న మూమియే 1958 డిసెంబరులో అక్రాలో జరిగిన అఖిల ఆఫ్రికా ప్రజల మహాసభలో కాంగో నాయకుడు లుముంబా, ఆల్జీరియా పోరాటంలో చేరిన రచయిత ఫానన్ వంటివారి సరసన కూర్చున్నాడు. నక్రూమా ఘనా, సెకూ తూరే గినీ ఆయనకు ఆశ్రయమిచ్చాయి. 1960 అక్టోబరు మధ్యలో జెనీవాలోని ఒక హోటల్లో, విలేకరినని చెప్పుకున్న విలియం బెక్టెల్ అనే పెద్దమనిషి ఆయనను భోజనానికి పిలిచాడు. అతడు ఫ్రెంచి గూఢచారి సంస్థ మనిషి. పానీయంలో కలిపిన థాలియం విషం మెల్లగా పనిచేసింది. వైద్యుడు కావడం వల్ల తనకు విషం పెట్టారని మూమియే స్వయంగా గుర్తించి ఆసుపత్రి వారికి చెప్పాడు గాని అప్పటికే ఆలస్యమైంది; నవంబరు 3న కన్నుమూశాడు. బెక్టెల్ చాలా ఏళ్లకు బెల్జియంలో దొరికాడు, స్విట్జర్లాండుకు అప్పగించారు, చివరకు 1980లో కేసు కొట్టివేశారు.

లోపల మిగిలిన కథను వేగంగా చెబుతాను. 1961లో బ్రిటిష్ కామెరూన్ దక్షిణ భాగం ప్రజాభిప్రాయసేకరణలో కామెరూన్‌తో కలవడానికి, ఉత్తర భాగం నైజీరియాతో కలవడానికి ఓటు వేశాయి. యూపీసీ కోరిన ఏకీకరణలో సగం ఆ విధంగా యూపీసీ లేకుండానే జరిగింది. 1962 ఫిబ్రవరిలో డువాలా నుంచి యావుండేకు మూసిన సరుకుల బోగీలో తరలించిన ఖైదీల్లో 25 మంది ఊపిరాడక చనిపోయారు. ఆ వార్త వేసిన కాథలిక్ వారపత్రికను స్వాధీనం చేసుకుని, దాని సంపాదకుడైన ఫ్రెంచి ఫాదరీని దేశం నుంచి పంపించేశారు. 1966లో దేశంలో ఒకే పార్టీ మిగిలింది. అదే ఏడాది మార్చిలో, కాంగో సరిహద్దు నుంచి రెండో రంగం తెరవడానికి ప్రయత్నించిన ఆర్థికశాస్త్రవేత్త ఓసెండే ఆఫానాను చంపారు.

వాందియే 1961లో ప్రవాసం వదిలి కొండల్లోకి తిరిగివచ్చి, తొమ్మిదేళ్ల పాటు చిక్కిపోతున్న దళాలతో తిరిగాడు. 1970 ఆగస్టులో పట్టుబడ్డాడు. ఆయనతో సంబంధాలున్నాయన్న నేరం మీద అక్కడి బిషప్ అల్బెర్ ఎండోంగ్మోను కూడా సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టారు. బిషప్‌కు పడిన మరణశిక్షను యావజ్జీవంగా మార్చారు. వాందియేను 1971 జనవరి 15న బఫుసామ్‌లో, జనాన్ని పిలిపించి, బహిరంగంగా కాల్చి చంపారు. కళ్లకు గంతలు కట్టించుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. యుద్ధానికి ముగింపు తేదీ రాయవలసి వస్తే నేను ఈ తేదీనే రాయమంటాను.

ఇక ఇంత జరిగినా ఎందుకు తెలియలేదన్న సంగతి. నా దృష్టిలో పెద్ద కారణం పేరే. ధర్మకర్తగా ఉన్న దేశం తన సంరక్షణలోని ప్రజల మీద యుద్ధం చేస్తోందని ఒప్పుకుంటే సమితి ముందు జవాబు చెప్పుకోవాలి. అందువల్ల మొదటి నుంచి చివరి వరకు అది 'శాంతిభద్రతల పరిరక్షణ'గానే నమోదైంది, ఎదురు నిలిచినవారు 'బందిపోట్లు', 'ఉగ్రవాదులు' అయ్యారు. మన మన్యంలో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటాన్ని ఆంగ్లేయుల కాగితాలు 'పితూరీ' అనడం, 1857ను 'సిపాయిల తిరుగుబాటు' అనడం గుర్తు తెచ్చుకుంటే పేరు ఎంత పని చేస్తుందో తెలుగు పాఠకుడికి వేరే చెప్పనవసరం లేదు. రెండవది, ఆల్జీరియాకు పది లక్షలకు పైగా ఫ్రెంచి యువకులను నిర్బంధ సైనికసేవ కింద పంపారు, ప్రతి ఊళ్లో ఒక తల్లి ఉత్తరం కోసం ఎదురుచూసింది. కామెరూన్‌లో పోరాడినవారు ఎక్కువగా ఫ్రెంచి అధికారుల కింద పనిచేసిన ఆఫ్రికా సిపాయిలు. వారి చావు వార్త పారిస్ పత్రికల్లోకి రాలేదు. మూడవది, గెలిచినవారి వారసులే దేశాన్ని ఏలారు. అహిజో 1982 వరకు ఉన్నాడు, ఆయన ప్రధాని పాల్ బియా ఆయన తరువాత అధ్యక్షుడయ్యాడు. 1991 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసి ఉమ్ న్యోబె, మూమియే, వాందియేలకు గౌరవం పునరుద్ధరించే వరకు వారి పేరు బయట పలకడానికి కూడా జనం భయపడేవారు. ఫ్రాన్సులో కూడా పరిస్థితి భిన్నం కాదు. ఈ అణచివేతను వివరిస్తూ ఒక కామెరూనీ రచయిత 1972లో పారిస్‌లో ప్రచురించిన పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించింది. 2009లో ఫ్రెంచి ప్రధాని ఒకరు యావుండేలోనే నిలబడి, ఇదంతా కల్పన అని కొట్టిపారేశాడు.

ఆ వైఖరి మారడానికి చాలా కాలం పట్టింది. 2022లో అధ్యక్షుడు మాక్రాన్ యావుండేలో ప్రకటించిన ప్రకారం ఇరుదేశాల చరిత్రకారులతో ఏర్పడిన సంఘం, దస్తావేజులు పరిశీలించి, బతికున్న సాక్షులను కలిసి, 2025 జనవరిలో వెయ్యికి పైగా పుటల నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా మాక్రాన్ జూలై నెలాఖరు తేదీతో బియాకు రాసిన లేఖ ఆగస్టులో బయటికి వచ్చింది. కామెరూన్‌లో యుద్ధం జరిగిందని, వలస అధికారులు, ఫ్రెంచి సైన్యం అణచివేతకు పాల్పడ్డారని, 1960 తరువాత కూడా అది ఫ్రాన్సు మద్దతుతో కొనసాగిందని ఆ లేఖ ఒప్పుకుంది. మీరు చూసిన వార్త దీని గురించే. అందులో క్షమాపణ లేదు, నష్టపరిహారం ప్రస్తావన లేదు. ఫ్రెంచి కమాండు కింద జరిగిన సైనిక చర్యల్లో చనిపోయినవారిగా నలుగురి పేర్లు చెప్పింది, వారిలో ఉమ్ న్యోబె ఒకడు. మూమియే పేరు ఆ నలుగురిలో లేదు. స్విస్ న్యాయస్థానం కేసు కొట్టివేసింది కాబట్టి, తగిన ఆధారాలు లేవు కాబట్టి ఆయన మరణంలో ఫ్రాన్సు బాధ్యతను తేల్చలేమన్నది లేఖలోని మాట.

మూమియే భౌతికకాయాన్ని ఆనాడు గినీ రాజధాని కొనక్రీలో భద్రపరిచారు. దానిని సొంత దేశానికి తెచ్చుకోవాలని ఆయన భార్య మార్త్ ఎన్నో ఏళ్లు ప్రయత్నించి, చివరకు ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో కొనక్రీ వెళ్లినప్పుడు సమాధి తెరిచి ఉంది, లోపల దేహం లేదు.